మర్రిమాను అందరిదీ... ఫోటో మాత్రం తీసినవాళ్లదే!

ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి ముందు ఓ చిన్న పని చేయండి. గూగుల్‌లో 'తిమ్మమ్మ మర్రిమాను' అని కొట్టి ఇమేజెస్‌లోకి వెళ్లండి. కాస్త కిందకి జరుపుతూ పోండి. అవే ఊడలు, అదే వెలుగు, అదే మూల నుంచి తీసిన ఫోటో... ఒకచోట ఒక సైట్ పేరుతో, ఇంకోచోట ఇంకో పేజీ లోగోతో, మరోచోట ఏ పేరూ లేకుండా కనిపిస్తుంది. అసలు ఆ ఫోటో తీసిందెవరు? ఎండలో కదిరి నుంచి బండేసుకుని నంబులపూలకుంట దాకా వెళ్లి, గూటిబయలు దగ్గర చెట్టు చుట్టూ తిరిగి, వెలుగు కోసం సాయంత్రం దాకా కాచుక్కూర్చున్నది ఎవరు? ఆ పేరే ఎక్కడా ఉండదు.

ఈ వారం మన ముచ్చట అదే. మీరు రాసింది, తీసింది, గీసింది నెట్‌లో పెట్టాక ఇంకొకళ్లు ఎత్తుకుపోతే ఏం చేయాలి? ఎత్తుకుపోకుండా ముందే ఏం చేయొచ్చు? 'నెట్‌లో పెట్టాక ఇంకేముంది, అందరిదీ అయిపోయినట్టే' అనుకునేవాళ్లు మన చుట్టూ బోలెడు మంది. అది తప్పు. చట్టం అలా చెప్పట్లేదు.

చెట్టు సంగతి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే దాని కథలోనే మన పాఠం సగం ఉంది. దాదాపు అయిదెకరాల మేర పరుచుకున్న ఈ మాను పక్కూళ్లవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. పిల్లలు లేనివాళ్లు వచ్చి మొక్కుకునే చోటు. బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం ఒక ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ వల్ల. బెంగళూరుకు చెందిన సత్యనారాయణ అయ్యర్. పత్రికలకి రాసి పంపడం, 'ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం' అని ఉత్తరం తిరిగి రావడం... అలా వందలకొద్దీ ఉత్తరాలు పోగయ్యాయి. ఆయన వాటిని చింపి పారేయలేదు. దాచుకుని, తన పేరునే 'రిగ్రెట్ అయ్యర్' చేసుకున్నాడు! ఆయన పట్టుదలతోనే 1989లో ఈ చెట్టు గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఇవాళ ఎవరి దగ్గరైనా స్మార్ట్‌ఫోన్ ఉంది, ఎవరైనా ఫోటో తీసి పోస్ట్ చేస్తారు. కానీ ఒక చోటికి గుర్తింపు రావాలంటే మొదట ఎవరో ఒకరు తమ డబ్బు, తమ టైమ్ పెట్టి వెళ్లాల్సిందే. ఆ పెట్టినవాళ్ల పేరు నిలబెట్టేదే కాపీరైట్.

ఇప్పుడు లెక్క చూద్దాం. చెట్టుకి కాపీరైట్ లేదు. తిమ్మమ్మ కథకీ లేదు, అది తరతరాలుగా జనం నోళ్లలో ఉన్నది. చెట్టు విస్తీర్ణం, గిన్నిస్ సంవత్సరం, కదిరి నుంచి దూరం లాంటి సమాచారానికీ లేదు. కానీ మీరు తీసిన ఫోటోకి ఉంది. మీ మాటల్లో రాసిన తిమ్మమ్మ కథకి ఉంది. మీ గొంతుతో చేసిన రీల్‌కి ఉంది. అంటే విషయం అందరిదీ, దాన్ని మీరు చెప్పిన తీరు మీది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందీ ఇదే: ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపం మీదే హక్కు. మీ వ్లాగ్ చూసి ఇంకో కుర్రాడు కూడా గూటిబయలు వెళ్లి సొంతంగా వీడియో చేసుకుంటే అతన్ని మీరు ఏమీ అనలేరు. మీ వీడియోలో ముక్క కోసుకుని పెట్టుకుంటే మాత్రం అడగొచ్చు.

ఈ గీత చెప్పినంత సులువుగా ఉండదు లెండి. 'శ్రీమంతుడు' గొడవ గుర్తుందా? స్వాతి పత్రికలో వచ్చిన తన నవల 'చచ్చేంత ప్రేమ'ను సినిమాకి వాడేసుకున్నారంటూ రచయిత శరత్‌చంద్ర నాంపల్లి కోర్టుకెళ్లారు. సినిమా వచ్చింది 2015లో. దర్శకుడు కొరటాల శివకి 2024 జనవరిలో సుప్రీంకోర్టులో కూడా ఊరట దొరకలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది విచారణలో తేలాల్సిందే. నేను చెప్పొచ్చేది ఏంటంటే, ఒక వారపత్రికలో వచ్చిన నవల కోసం ఒక రచయిత ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. మీ బ్లాగ్ పోస్ట్‌కి అంత దూరం వెళ్లక్కర్లేదు. వెబ్‌సైట్ల విషయంలో దగ్గరి దారులున్నాయి.

రిజిస్టర్ చేయించాలా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అక్కర్లేదు. షట్టర్ నొక్కిన క్షణంలోనే, వాక్యం రాసిన క్షణంలోనే కాపీరైట్ పుట్టేస్తుంది. కింద కాపీరైట్ గుర్తు పెట్టినా పెట్టకపోయినా తేడా లేదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతలకీ ఫోటోలకీ ఆ హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన కవితలు 2043 చివరిదాకా హక్కుల కిందే ఉంటాయి. ఇన్‌స్టాలో 'పబ్లిక్ డొమైన్ కదా' అంటూ పుస్తకం మొత్తం పీడీఎఫ్ పంచుతున్నవాళ్లు ఈ లెక్క ఓసారి వేసుకోవాలి. వేమన, అన్నమయ్య విషయంలో ఆ బెంగ లేదు. కానీ అన్నమయ్య కీర్తనని నిన్నగాక మొన్న ఎవరో పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగుకి మళ్లీ వేరే హక్కు ఉంటుంది. కీర్తన ఫ్రీ, ఆడియో ఫైల్ ఫ్రీ కాదు.

రిజిస్ట్రేషన్ వల్ల లాభం లేదని కాదు. కోర్టుదాకా వెళితే అది మొదటి సాక్ష్యంగా నిలబడుతుంది. కాపీరైట్ ఆఫీసు సైట్‌లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు. రచనకి 500 రూపాయల ఫీజు. డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రోజూ పెట్టే రీల్స్‌కి ఇదంతా దండగ. ఏడాది కష్టపడి రాసిన నవలకో, తయారుచేసిన కోర్సుకో అయితే పెట్టదగ్గ ఖర్చే.

ఇంతకీ హక్కు ఎవరిది అన్నదాంట్లో ఒక మెలిక ఉంది. ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసే తమ్ముళ్లూ, ఇది మీకే. పెళ్లివారు డబ్బిచ్చి, పురమాయించి తీయించుకున్న ఫోటోలకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. చట్టంలో 17వ సెక్షన్ అలాగే అంటుంది. కాబట్టి ఆ ఫోటోలు మీ పేజీలో పెట్టుకోవాలంటే అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఓ ముక్క రాయించుకోండి. అలాగే ఏదో ఛానెల్లో జీతానికి చేస్తూ రాసిన స్క్రిప్టు మామూలుగా యజమానిదే అవుతుంది. ఫ్రీలాన్స్‌గా రాసిస్తే మీదే. 'ఫుల్ రైట్స్ మావే' అని వాట్సాప్‌లో ఫోన్లో చెప్పినంత మాత్రాన హక్కు బదిలీ కాదు, సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లే లెక్క. ఇది చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు మనకి చెప్పరు.

దొంగని పట్టుకునేదెలా?

ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, టిన్‌ఐ లాంటి సైట్లూ ఉన్నాయి. రాత అయితే మీ వ్యాసంలోంచి కాస్త విచిత్రంగా ఉన్న వాక్యాన్ని ఒకటి తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. మామూలు వాక్యంతో లాభం లేదు. 'ఏపీలో ఎండలు మండిపోతున్నాయి' అని కొడితే లక్ష వస్తాయి.

దీనికి వెనకటికి మ్యాపులు గీసేవాళ్లు ఒక ఉపాయం చేసేవాళ్లు. లేని ఊరొకటి మ్యాపులో ఇరికించేవాళ్లు. ఎవరైనా కాపీ కొడితే ఆ ఊరు కూడా వెళ్లిపోతుంది కదా, అక్కడ దొరికిపోతారు. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రం మ్యాపులో 'అగ్లో' అని అలా ఒక ఊరిని పుట్టించారు. తమాషా ఏంటంటే, మ్యాపులో పేరు చూసి ఎవరో నిజంగానే అక్కడ ఆ పేరుతో దుకాణం పెట్టేశారు! మీరు అంత అబద్ధం ఆడక్కర్లేదు. మన సీమ మాటలు ఉన్నాయి కదా. వేరుశనగ అని రాయకుండా 'చెనిక్కాయలు' అని రాయండి. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన 'కదిరి లేపాక్షి' రకం గురించి మీరు రాసిన వ్యాసం, ఎప్పుడూ 'పల్లీలు' అని రాసే సైట్‌లో 'చెనిక్కాయలు' అంటూ కనిపిస్తే ఇంక వాళ్లు ఏం చెప్పుకుంటారు? రకం గురించిన వివరాలు ఎవరైనా రాసుకోవచ్చు. మీ యాసతో సహా ఎత్తుకుపోతే మాత్రం దొరికిపోయినట్టే.

ముందు జాగ్రత్తల్లో కొన్ని పనికిరానివి ఉన్నాయి. వెబ్‌సైట్‌లో రైట్ క్లిక్ పనిచేయకుండా చేయడం అందులో మొదటిది. స్క్రీన్‌షాట్ తీసేవాడిని అది ఆపదు, చదువుకునేవాళ్లకి మాత్రం చిరాకు. టెక్స్ట్ సెలెక్ట్ కాకుండా చేయడమూ అంతే. కళ్లు కనిపించనివాళ్లు చదువుకునే సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి సైట్లతో ఇబ్బంది. వాటర్‌మార్క్ మాత్రం పనికొస్తుంది, కానీ మూలన వేయకండి, క్రాప్ చేసేస్తారు. చెట్టు మొదట్లోనో, ఊడల మధ్యలోనో, పలచగా, కోస్తే ఫోటోయే పాడయ్యే చోట వేయండి. ఇంకో మాట... హక్కుల వివరాలని, అంటే ఫోటో మీది మీ పేరు లాంటివాటిని, తెలిసి తెలిసీ చెరిపేయడం మన చట్టంలో విడిగా ఒక నేరం. 2012 సవరణలో 65బి సెక్షన్‌గా వచ్చింది. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ లోగో మీద తన లోగో అతికించేవాడికి ఈ సంగతి చెప్పి చూడండి, గొంతు మారుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం, ఒరిజినల్ ఫైల్ పారేయకండి. కెమెరా లోంచి వచ్చిన ఫైల్లో తేదీ, టైమ్, ఫోన్ మోడల్ అన్నీ లోపలే రాసి ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అవన్నీ పోతాయి. అందుకే ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. 'ఇది నేనే తీశా' అని నిరూపించాల్సిన రోజు వస్తే, మీ దగ్గర పెద్ద సైజు ఫైలు, దాని ముందు వెనక తీసిన నాలుగు షాట్లు ఉంటాయి. దొంగ దగ్గర ఆ ఒక్కటే ఉంటుంది.

ఎత్తేశారు... ఇప్పుడేంటి?

మొదట కోపంతో కామెంట్ పెట్టకండి. పెట్టారంటే వాడు పోస్ట్ డిలీట్ చేస్తాడు, సాక్ష్యం పోతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. అడ్రస్ బార్, తేదీ కనిపించేట్టు. ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయండి. కోర్టుదాకా వెళ్లే పనైతే ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఇస్తారు.

తర్వాత మర్యాదగా ఒక మెసేజ్. 'అన్నా, ఇది నా ఫోటో, ఇదిగో నా లింకు, పేరు పెట్టండి లేదా తీసేయండి, రెండు రోజులు టైమ్.' సగం గొడవలు ఇక్కడే సద్దుమణుగుతాయి. చిన్న చిన్న పేజీలు నడిపేవాళ్లలో చాలామందికి అది తప్పని నిజంగానే తెలీదు. వాళ్లని శత్రువుల్ని చేసుకుని మనకి ఒరిగేదేం లేదు.

వినకపోతే అప్పుడు ప్లాట్‌ఫారానికి ఫిర్యాదు చేయాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్... అన్నింటికీ కాపీరైట్ ఫారాలున్నాయి. 'స్పామ్' అని రిపోర్ట్ కొట్టడం వేరు, కాపీరైట్ ఫారం నింపడం వేరు. మొదటిది గాలిలో కలిసిపోతుంది. రెండోదానికి అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం వెనక ఉంది కాబట్టి ఆ కంపెనీలు పట్టించుకోక తప్పదు. ఫారంలో అడిగేవి పెద్దగా ఏమీ ఉండవు: మీ అసలు పోస్టు లింకు, దొంగిలించిన లింకు, మీ పేరు, మెయిల్, 'నేను చెప్పేది నిజం' అన్న హామీ, సంతకంగా టైప్ చేసిన పేరు. ఛానెల్ లింకు ఇస్తే చాలదు, ఒక్కో వీడియో లింకు విడివిడిగా ఇవ్వాలి. అక్కడే చాలా ఫిర్యాదులు తిరిగొచ్చేస్తాయి. మీ పేరు ఎదుటివాళ్లకి వెళుతుందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. యూట్యూబ్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. వెంటనే తీసేయించొచ్చు, లేదా అవతలివాళ్లకి ఏడు రోజులు గడువిచ్చి వాళ్లంతట వాళ్లే తీసేసుకునేలా చేయొచ్చు. రెండోది వాడితే వాళ్లకి స్ట్రైక్ పడదు. మన ఊరి పిల్లలే అయితే ఇది వాడండి.

వేరే వెబ్‌సైట్ అయితే? అడుగున 'కాంటాక్ట్' లేదు, పేరు లేదు. అప్పుడు రెండు దారులు. ఆ సైట్‌కి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీ ఎవరో 'హూ ఈజ్' సర్వీసులో వెతికి వాళ్లకి రాయడం ఒకటి. గూగుల్‌కే ఫిర్యాదు చేసి ఆ పేజీని సెర్చ్‌లోంచి తీయించడం రెండోది. పేజీ ఉంటుంది కానీ వెతికితే రాదు. యాడ్స్ డబ్బుల కోసం కాపీ కొట్టే సైట్లకి సెర్చ్‌లోంచి పోవడమంటే ప్రాణం పోయినట్టే.

మన చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వది. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఆ కంటెంట్‌ని నిల్వ ఉంచిన సంస్థ 36 గంటల్లోగా దాన్ని జనానికి అందకుండా చేయాలి. అలా 21 రోజులు ఆపుతుంది. ఆలోపు మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. తేకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. ఈ 21 రోజుల మెలికే మనలాంటివాళ్లకి ఇబ్బంది. ఒక ఫోటో కోసం కోర్టుకెళ్లేదెవరు? కానీ వెళ్లాల్సొస్తే ఒక వెసులుబాటు ఉంది. కాపీ కొట్టినవాడు ఎక్కడున్నా సరే, మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవడానికి 62వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఎన్‌పీ కుంట కుర్రాడు తన ఫోటో కోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు.

పోలీసుల దగ్గరకూ వెళ్లొచ్చు. 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమేనని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నా సలహా మాత్రం, సినిమా పైరసీ స్థాయి వ్యాపారానికి ఆ దారి. ఒక మీమ్ పేజీ మీద స్టేషన్‌కెళితే మీ టైమూ వాళ్ల టైమూ దండగ.

కత్తికి రెండువైపులా పదునే

ఇంతసేపూ మనం దొంగతనం జరిగినవాళ్ల వైపు నుంచి మాట్లాడుకున్నాం. స్ట్రైక్ అన్న ఆయుధం పెద్దవాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో కూడా చూడాలి. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. 2025 మేలో మోహక్ మంగళ్ అనే యూట్యూబర్ ఒక వీడియో పెట్టాడు. కొన్ని సెకన్ల క్లిప్పులు వాడినందుకు వార్తాసంస్థ ఏఎన్ఐ తనకి స్ట్రైకులు వేసి, అవి తీసేయడానికి లక్షల్లో అడిగిందని ఆరోపించాడు. అది మా హక్కేనని ఏఎన్ఐ అంది, ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. ఎవరిది న్యాయమో కోర్టు చూసుకుంటుంది. కానీ ఆ వారం చాలామంది చిన్న యూట్యూబర్లు భయంతో పాత వీడియోలు వెనక్కి తిప్పి చూసుకుని ఉంటారు.

'30 సెకన్ల లోపు వాడితే పర్లేదు' అన్న మాట ఎక్కడ పుట్టిందో కానీ, మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్కే లేదు. విమర్శకో, సమీక్షకో, వర్తమాన సంఘటనల వార్తకో అవసరమైనంత వాడుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. సినిమా రివ్యూలో రెండు షాట్లు చూపించి దాని గురించి మాట్లాడితే వాదించడానికి మీకు బలం ఉంది. ఊరికే పాట మొత్తం వెనకాల వేసుకుంటే లేదు. కింద 'క్రెడిట్స్ టు ఓనర్' అని రాస్తే అనుమతి తీసుకున్నట్టు కాదు. 'కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు' అని రాయడమైతే ఇంకా విడ్డూరం. దొంగతనం చేస్తూ గోడ మీద 'నేను దొంగని కాను' అని రాసి వెళ్లినట్టు.

మన బాలు గారి సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2017 మార్చిలో అమెరికాలో 'ఎస్పీబీ 50' కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా తరఫు లాయరు నోటీసు పంపారు. బాలు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి రాసి, చట్టాన్ని గౌరవిస్తానని చెప్పి, ఆ పాటలు పక్కనపెట్టి మిగతా సంగీత దర్శకుల పాటలు పాడుకుంటూ వెళ్లారు. పాడినాయనకే ఆ పాట పాడే హక్కు ఉండకపోవచ్చు అన్నది అభిమానులకి మింగుడుపడలేదు. నాకూ పడలేదు. కానీ పాట కట్టినవాళ్లకి ఏళ్ల తరబడి దక్కాల్సిన డబ్బు దక్కలేదన్న ఇళయరాజా వైపు వాదనలోనూ నిజం ఉంది.

అలాగే వికీపీడియా. తెలుగు వికీ 2003 నుంచి ఉంది. అందులో ఉన్నదంతా 'ఫ్రీ' కాబట్టి తీసేసుకోవచ్చు అనుకుంటారు. వాడుకోవచ్చు, షరతులతో. రాసినవాళ్లని పేర్కొనాలి, మీరు మార్చి వాడితే దాన్నీ అదే లైసెన్సు కింద వదలాలి. ఫోటో కింద లైసెన్సు ఏంటో ఒక్క క్లిక్కుతో తెలుస్తుంది. మర్రిమాను ఫోటో మీ పోస్టుకి కావాలంటే ఆ దారిలో తీసుకోండి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

చీర మీద నెమలి

మన జిల్లాలో అసలు పెద్ద నష్టం ఫోటోలకి కాదేమో, చీరలకి అనిపిస్తుంది నాకు. ధర్మవరంలో మగ్గం మీద ఒకాయన కొత్త అంచు నేస్తాడు. కొడుకు సంబరంగా ఫోటో తీసి ఇన్‌స్టాలో పెడతాడు. కొన్నాళ్లకి అదే డిజైన్ పవర్‌లూమ్ మీద సగం ధరకి దిగుతుంది. 'ధర్మవరం పట్టుకి జీఐ గుర్తింపు ఉంది కదా' అంటారు. ఉంది. కానీ జీఐ కాపాడేది ఊరి పేరుని. ఎక్కడో నేసి 'ధర్మవరం చేనేత పట్టు' అని అమ్మితే అడగడానికి పనికొస్తుంది. మీ అంచు డిజైన్‌ని కాపాడదు.

మరి కాపీరైట్? ఇక్కడే చట్టం మెలిక పెట్టింది. 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయించదగ్గ దాన్ని చేయించకుండా 50 కన్నా ఎక్కువ సార్లు ఉత్పత్తి చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. అంటే బాగా అమ్ముడుపోయిన డిజైనే రక్షణ లేకుండా మిగులుతుంది! దానికి మందు 2000 నాటి డిజైన్ల చట్టం. రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5. మనిషి సొంత పేరు మీద వేస్తే దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలే. కానీ షరతు ఒకటుంది, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి: దరఖాస్తు చేసే రోజుకి ఆ డిజైన్ లోకంలో ఎక్కడా బయటపడి ఉండకూడదు. ఇన్‌స్టాలో పెట్టేశాక అది కొత్తది కాదు. ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టు. ధర్మవరంలో కొడుకో కూతురో నాన్న చీరలకి పేజీ నడుపుతుంటే ఈ ఒక్క ముక్క ఇంట్లో చదివి వినిపించండి.

పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రామాయణం అందరిదీ, కానీ తోలు మీద ఆయన గీసిన హనుమంతుడు ఆయన బొమ్మే. దాన్ని ఫోటో తీసి టీషర్టుల మీద అచ్చేస్తే హక్కు ఉల్లంఘించినట్టే. తోలుబొమ్మలాట ఆడుతుంటే మొత్తం రికార్డు చేసి మీ ఛానెల్లో పెట్టేసుకోవడం కూడా కుదరదు. ఆడినవాళ్లకి ప్రదర్శకుల హక్కులని 50 ఏళ్లు ఉంటాయి. వెళ్లినప్పుడు అడగండి, ఒప్పుకుంటే వీడియో కింద వాళ్ల పేర్లు పెట్టండి, యాడ్స్ డబ్బులొస్తే వాటా ఇవ్వండి.

ఇక ఏఐ. మీ బ్లాగ్‌ని మనుషులే కాదు, బాట్లు కూడా చదువుతున్నాయి. ఏఎన్ఐ 2024 నవంబర్‌లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లింది, తమ వార్తలని అడక్కుండా శిక్షణకి వాడారని. సొంత సైట్ ఉన్నవాళ్లు చేయగలిగింది ఇప్పటికి ఒకటుంది. సైట్‌లో 'రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ' అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో 'జీపీటీబాట్' లాంటివాటి పేర్లు రాసి రావొద్దని చెప్పొచ్చు. అది తాళం కాదు, గేటుకి వేలాడదీసిన బోర్డు. మర్యాదస్తులు ఆగుతారు. ఆగనివాళ్ల కోసం క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసులున్నాయి. 2025 జూలై నుంచి కొత్తగా చేరే సైట్లకి ఏఐ బాట్లని ముందే ఆపేసే పద్ధతి పెట్టారు వాళ్లు. గూగుల్ సెర్చ్ బాట్‌ని మాత్రం పొరపాటున ఆపకండి, మీ సైట్ ఎవరికీ కనిపించదు.

పోయిన వారం ఒక పాఠకుడు అడిగాడు: 'నేను తీసిన మర్రిమాను డ్రోన్ వీడియోని ఒక పేజీ వాడుకుంది, దానికి నా వీడియో కన్నా పదింతలు వ్యూస్ వచ్చాయి. తీయించేయమంటారా, ఆ వ్యూస్ ఉండనివ్వమంటారా?' తమ్ముడూ, ఇన్‌స్టా అయితే ముందు వాళ్లని 'కొలాబ్' రిక్వెస్టు పెట్టి మళ్లీ పోస్ట్ చేయమని అడుగు. ఒప్పుకుంటే ఇకమీదట వచ్చే వ్యూస్ నీ పేజీకీ వస్తాయి. ఒప్పుకోకపోతే ఫారం నింపడానికి పది నిమిషాలు పడుతుంది. లింకులు రెండూ పక్కన పెట్టుకుని మొదలుపెట్టు.